మోనోపలీ ఆటను కనిపెట్టింది చార్లెస్ డారోయేనా?

కాదు, మోనోపలీకి మూలమైన ‘ది ల్యాండ్‌లార్డ్స్ గేమ్’ను రూపొందించి, 1904లో అమెరికాలో దానికి పేటెంటు పొందినది ఎలిజబెత్ మేగీ అనే మహిళ. భూమి కొందరి చేతుల్లోనే పోగుపడితే అద్దెలు కట్టేవారు ఎలా చితికిపోతారో, అమెరికా ఆర్థికవేత్త హెన్రీ జార్జ్ భావాలను అనుసరించి, ఆట ద్వారానే చూపాలన్నది ఆమె ఉద్దేశం. పలక చుట్టూ తిరగడం, స్థలాలు కొనడం, అద్దె వసూలు చేయడం, చివరికి మూలనున్న జైలు కూడా అప్పటికే అందులో ఉన్నాయి.

ఆ తరువాత చాలా ఏళ్లపాటు ఆ ఆట ఇళ్లలో చేత్తో గీసుకున్న పలకలపై ఒకరి నుంచి ఒకరికి చేరింది, ఆడేవారు తమ ఊరి వీధుల పేర్లే గడుల్లో రాసుకున్నారు. డారో నేర్చుకున్నది అమెరికాలోని అట్లాంటిక్ సిటీ నగర వీధుల పేర్లున్న అటువంటి పలకపైనే. ఆ నగర సమీపంలోని ‘మార్వెన్ గార్డెన్స్’ అనే ప్రాంతం పేరును ఆ పలకపై ఎవరో ‘మార్విన్’ అని తప్పుగా రాయగా, ఆ తప్పు అచ్చయిన మోనోపలీలోకీ యథాతథంగా వచ్చింది.

ఆర్థిక మాంద్యంలో ఉద్యోగం కోల్పోయిన డారో దీన్ని సొంతంగా సృష్టించాడన్న అపోహ, అమ్మకాలతో పాటు ప్రచారమైన కథ వల్ల స్థిరపడింది. 1935లో డారో నుంచి హక్కులు కొన్న ఆటల తయారీ సంస్థ పార్కర్ బ్రదర్సే, అదే ఏడాది మేగీ పేటెంటును కూడా 500 డాలర్లకు కొన్నది.