పాటల పెట్టె: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: ఇంగ్లండ్ రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ ‘డిస్కవరీ’ సీడీల సెట్‌ను హనుమకొండలో ఒకాయన సెకండ్ హ్యాండ్‌కి ఇస్తానంటున్నారు. నా దగ్గర పాత సీడీలు ఏడెనిమిది ఉన్నాయి. కొనడం దండగా? కొంటే ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, కాజీపేట

జ: ఈ సెట్ 2011లో వచ్చింది. 1967 నాటి ‘ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్’ మొదలు 1994 నాటి ‘ద డివిజన్ బెల్’ దాకా 14 స్టూడియో ఆల్బమ్‌లు ఉంటాయి. ‘అమ్మగమ్మా’, ‘ద వాల్’ రెండేసి డిస్కులు కాబట్టి మొత్తం 16. బేరానికి ముందు అవి లెక్కపెట్టండి, 60 పేజీల బొమ్మల పుస్తకం ఉందో లేదో చూడండి. 2014లో వచ్చిన ‘ది ఎండ్‌లెస్ రివర్’ ఇందులో ఉండదు. ‘ఆర్నాల్డ్ లేన్’, ‘సీ ఎమిలీ ప్లే’ లాంటి తొలినాటి సింగిల్స్ కూడా లేవు.

ఈ సెట్‌లోవి రీమాస్టర్ చేసిన ఆల్బమ్‌లు. రీమాస్టర్ అనగానే పాట కొత్తగా వినిపిస్తుందనుకోవద్దు. అది గాత్రాన్నీ వాయిద్యాలనూ విడివిడిగా తీసి మళ్లీ కలిపే రీమిక్స్ కాదు. గాత్రం, గిటారు ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి. పూర్తయిన స్టీరియో టేపును మళ్లీ డిజిటల్‌లోకి ఎక్కించి బాస్, ట్రెబుల్, లెవెల్ సరిచేస్తారంతే. ఈ పని చేసిన జేమ్స్ గత్రీ ‘ద వాల్’ రికార్డింగుకూ ఇంజనీరే, చెయ్యి తిరిగినవాడు. పాత, కొత్త సీడీలు పోల్చేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానంగా పెట్టండి. కాస్త గట్టిగా మోగేదే బాగుందనిపించడం చెవి నైజం. మీ పాత డిస్కులు బాగుంటే, లేని ఆల్బమ్‌లను విడిగా కొనుక్కోవడమే లాభం.

కొనాలనే ఉంటే డిస్కులు ఒక్కొక్కటీ తీసి చూడాల్సిందే. అట్ట కవర్లలోంచి తీసి పెడుతుంటే గీతలు పడతాయి. మధ్య నుంచి అంచుకు పోయే గీతను ప్లేయర్ చాలావరకు సర్దుకుంటుంది. గుండ్రంగా, ట్రాక్ వెంబడి పోయే గీతే పాటను ఎగరగొడుతుంది. అంతకన్నా ప్రమాదం పేరు అచ్చయిన వైపు దెబ్బ, ఎందుకంటే అద్దంలాంటి పూత ఆ అచ్చు కిందే ఉంటుంది. డిస్కును ట్యూబ్‌లైట్‌కి అడ్డంపెట్టి చూస్తే, పూత లేచిన చోట సూదిమొనంత వెలుతురు కనిపిస్తుంది. అలాంటిది వదిలేయండి. సీడీ లోపలి నుంచి బయటికి చదువుతుంది కనుక, 66 నిమిషాల ‘డివిజన్ బెల్’లో చివరి పాట ‘హై హోప్స్’ అక్కడే పెట్టించి వినండి. అంచు దగ్గర గొడవుంటే అందులో తేలిపోతుంది.

ప్ర: ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ను ఎంపీ3గా ఫోన్లోకి ఎక్కిస్తే, సీడీలో ఆగకుండా సాగే పాటల మధ్య చిన్న తెగుడు వస్తోంది. డిస్కు పాడైందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జ: డిస్కు తప్పేమీ లేదు. ఎంపీ3 శబ్దాన్ని 1,152 శాంపిళ్ల (శబ్దపు కొలతల) ముక్కలుగా దాస్తుంది. చివరి ముక్క నిండకపోతే మిగిలినది నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లో కూడా కొంచెం చేరుస్తుంది. ‘బ్రెయిన్ డామేజ్’ నుంచి ‘ఎక్లిప్స్’లోకి వెళ్లేచోట చెవికి తగిలేది అదే. కంప్యూటర్లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సీడీ కాపీ సాఫ్ట్‌వేర్‌ను సెక్యూర్ మోడ్‌లో పెట్టి, వాల్యూమ్ మార్చే నార్మలైజ్ ఆపేసి, శబ్దం ఏమీ పోని ఫ్లాక్ ఫైళ్లుగా తీయండి. ఫోన్ ప్లేయర్‌లో పాటల మధ్య ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ ఆన్ చేసి, ఒక పాట చివరను తర్వాతి దానితో కలిపేసే క్రాస్‌ఫేడ్ సున్నా చేయండి. ‘డిస్కవరీ’ మొత్తం సెట్ సుమారు 12 గంటలు, 4–5 జీబీలో పడుతుంది. ‘ద వాల్’ ఫైళ్లకు డిస్క్ నంబరు ట్యాగ్ (ఫైలులో రాసే వివరం) మరవద్దు. లేకుంటే రెండు డిస్కుల ఒకటో పాటలూ పక్కపక్కన చేరి, పాటల్లో సాగే కథ కలగాపులగం అవుతుంది.

ప్ర: మా ఇంట్లో డిస్కుల మీద ఎప్పుడూ నల్ల దుమ్మే. ఎలా తుడవాలి?
– ఒక పాఠకుడు, గోదావరిఖని

జ: బొగ్గు దుమ్మును పొడిగుడ్డతో రుద్దితే అదే గీకుతుంది. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, లేదా నల్లా కింద సన్నటి ధారలో కడగండి. తర్వాత మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పొద్దు. జిడ్డుంటే నీళ్లలో ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ తగిలితే ప్లాస్టిక్ తెల్లబారుతుంది. శుభ్రమైన డిస్కు కూడా ఎగురుతుంటే దుమ్ము పట్టింది ప్లేయర్ లెన్సుకు.