నీ నాటకంలో యముణ్ని కొట్టేశాను

నల్లగొండ,
గురువారం

బిడ్డా,

హెచ్‌ఐవీ మీద నువ్వు రాసిన కళాజాత స్క్రిప్టు అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివాను కాబట్టి, తిరిగి నీ చేతికి వచ్చేసరికి కాస్త గాయాలతో కనిపిస్తుంది. కంగారు పడకు. పాటలు బాగున్నాయి. దేవరకొండ బస్టాండును డప్పు దరువులోకి దింపిన తీరు చూసి కొంచెం అసూయపడ్డాను కూడా. కానీ ఆఖరి రంగంలో యముడున్నాడే, ముంబై నుంచి తిరిగొచ్చిన పాలమూరు కూలీని పాశం వేసి ఈడ్చుకుపోయే యముడు, అతన్ని పూర్తిగా కొట్టేశాను.

ఆ యముణ్ని నీకంటే ముందు నేనే రాశాను మరి.

1999లో సంగతి. డిండి వైపు ఒక ఊరు, పేరు వద్దు. పంచాయతీ అరుగే వేదిక. మా నటుడు కళ్ల కింద బొగ్గు పూసుకుని, బుగ్గలు లోపలికి పీల్చి, గొంగడి కప్పుకుని దగ్గుతూ వచ్చేసరికి ముందు వరుసలో పిల్లలు ఏడ్చారు. మేం పొంగిపోయాం. ఇంత రక్తి కట్టిన నాటకం జిల్లాలో లేదని తిరుగు ప్రయాణంలో మా భుజాలు మేమే చరుచుకున్నాం.

పది రోజుల తర్వాత, అరువు తెచ్చుకున్న జంపఖానా ఇచ్చేద్దామని మళ్లీ ఆ ఊరు వెళ్లాను. బస్సు దిగి టీ కొట్టులో కూర్చున్నాను. పందిరి గుంజకు ఒక మేకు, ఆ మేకుకు సుతిలి కట్టి వేలాడదీసిన ఒక స్టీలు గ్లాసు. మిగతా గ్లాసులన్నీ బకెట్లో మునిగి ఉన్నాయి, ఇది మాత్రం విడిగా ఉంది. ఎవరిదని అడిగాను. కూలికి పోతూ టీ తాగి వెళ్లే ఒకామెదట. ఆమె భర్త లారీ క్లీనరుగా పనిచేసి, అంతకు ముందు ఏడాది చనిపోయాడట. "మీ నాటకం చూశాకే మాకు తెలివొచ్చింది సార్" అన్నాడు కొట్టాయన, మెచ్చుకోలుగా.

దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి పోవాలని పాటలు కట్టి ఊరూరా తిరిగినవాణ్ని నేను. ఆ ఊళ్లో మూడో గ్లాసు నా నాటకమే పెట్టించింది. నేనేమీ అనలేదు. టీ తాగి, డబ్బులిచ్చి, బస్సెక్కాను.

ఒకే గ్లాసులో నీళ్లు తాగితే ఇది రాదు అన్న మాట మా నాటకంలో ఉంది. ఒకసారి కాదు, రెండుసార్లు ఉంది. బొగ్గు పూసిన ఆ ముఖం జనం వెంట ఇంటికి వెళ్లింది, మాట అరుగు మీదే ఉండిపోయింది.

అప్పట్లో మందులు పేదవాడికి అందేవి కావు, చావు తప్ప చూపించడానికి మాకు ఇంకేం లేదు అని నన్ను నేను సముదాయించుకోవచ్చు. నీకు ఆ సాకు కూడా లేదు. 2004 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ప్రభుత్వం హెచ్‌ఐవీని అణచి ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుంచి పరీక్షలో తేలిన ప్రతివారికీ, రోగ నిరోధక శక్తి పడిపోయేదాకా ఆగకుండా, వెంటనే మొదలుపెడుతున్నారు. చాలామందికి రోజుకు ఒకే మాత్ర. మానకుండా వేసుకుంటూ రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంత తగ్గి, అలాగే నిలిచి ఉంటే, కలయిక వల్ల అవతలివారికి సోకదు. గర్భిణికి వేళకు మందులు అందితే బిడ్డకు సోకే అవకాశాన్ని నూటికి ఐదులోపుకు తేవచ్చు. ఈ వార్త తెలిసి కూడా యముణ్ని రప్పించడం అంటే, పదేళ్లనాటి పంచాంగం చూసి పెళ్లికి ముహూర్తం పెట్టడమే.

నిజంగా హెచ్‌ఐవీ ఉన్న ఒకరిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పితే ఎలా ఉంటుందని అడిగావు. నీ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో ఫ్లోరైడుతో వంకర తిరిగిన కాళ్లను ఫొటోలు తీసి, కవితలు రాసి, లోకానికి చూపించిన జిల్లా మనది. అక్కడ శరీరమే సాక్ష్యం. చూపించాలి, చూపించాం. ఇక్కడ అది పనికిరాదు. ఫ్లోరైడు బారిన పడ్డ మనిషికి ఊరు ఇల్లు ఖాళీ చేయమని చెప్పలేదు కదా. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న చట్టం కూడా, ఒకరికి హెచ్‌ఐవీ ఉందన్న సంగతి వారి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదనే అంటోంది. అమెరికాలో ఎయిడ్స్‌తో చనిపోయినవారి పేర్లు కుట్టిన బొంతలు 1987లో వాషింగ్టన్‌లో నేల మీద పరిచారు, ఒక్కో ముక్క మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే ఒక సమాధి అంత. మన అమ్మమ్మలు పాత చీరలతో కుట్టే బొంతల్లాంటివే. ఆ పేర్లు కుట్టింది వాళ్ల ఆప్తులు. మనం కుట్టడానికి మనవి కావు ఆ పేర్లు.

అయితే ఏం చూపించాలి? ఒకటి చెబుతాను, వాడుకో. నాకు తెలిసిన ఒకావిడ నెలకోసారి మహబూబ్‌నగర్ వెళ్లి మందులు తెచ్చుకుంటుంది. ముప్పై మాత్రల ప్లాస్టిక్ డబ్బా. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా సంచిలో గలగలమంటుంది. పక్క సీటామె ఒకసారి "చిన్నబాబుకు గిలక్కాయా?" అని అడిగిందట. అప్పటి నుంచి ఆవిడ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుని, డబ్బా మీది కాగితం గోటితో గీకేసి, మూత తీసి లోపల దూది కుక్కి, చెవి దగ్గర ఊపి చూసుకుని, అప్పుడు బస్సెక్కుతుంది. నీ నటికి ఇంతకంటే ఏం కావాలి? డప్పు ఆపించు. మైకు దగ్గర ఆ డబ్బా ఒక్కసారి ఊపించు.

ఇక భాష సంగతి. కండోమ్ అనాల్సిన మూడు చోట్లా "రక్షణ కవచం" అన్నావు. కవచం అంటే మన పల్లెల్లో కర్ణుడు గుర్తొస్తాడు. నిరోధ్ అను, అందరికీ తెలుసు. సిగ్గుపడే పని హాస్యగాడికి అప్పగించు. బుర్రకథలో వంత ఉన్నదే అందుకు, జనం నోట ఆగిపోయిన ప్రశ్న వాడి నోటితో అడిగించడానికి. దోమ కుడితే వస్తుందా, క్షవరం చేయించుకుంటే వస్తుందా, ఆసుపత్రిలో పరీక్ష గది ఎక్కడని ఎవర్ని అడగాలి, అడిగితే ఊరికి తెలుస్తుందా? నీ స్క్రిప్టులో వాడు తాగుబోతు జోకులు వేసి వెళ్లిపోతున్నాడు, దండగ. పరీక్ష ఉచితమని, ఫలితం గోప్యమని, ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేసి పేరు చెప్పకుండానే అడగవచ్చని వాడికే చెప్పించు. మరీ ఎక్కువ నవ్వించకు. అప్పట్లో ఎయిడ్స్ ప్రచారానికి, పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని హైవే పొడవునా హోర్డింగులు పెట్టినప్పుడు టీ కొట్లన్నీ ఆ మాటే మాట్లాడుకున్నాయి, అది గొప్పే. కానీ బక్కచిక్కిన ప్రతివాణ్నీ పులిరాజా అని వెక్కిరించిన కుర్రాళ్లనూ చూశాను.

"చెడు తిరుగుళ్లకు చెడ్డ రోగం" అన్న పల్లవి కూడా తీసెయ్యి. దరువు బాగా కుదిరిందని నాకూ తెలుసు. కానీ నువ్వు ఆడే ప్రతి ఊళ్లోనూ మాత్ర వేసుకుని వచ్చి కూర్చున్న మనిషి ఒకరు ఉంటారనుకో. బహుశా ఊరు దాటి ఎరగని ఇల్లాలే. ఆమె మధ్యలో లేచి వెళ్లిపోకుండా చివరిదాకా కూర్చోగలగాలి. ఆ కూలీని కూడా రోగం మోసుకొచ్చే మూటలా రాయకు. అతనికి ఒక పేరు పెట్టు, ముంబైలో ఏం వండుకుంటాడో రాయి.

డిసెంబరు 1న ఎయిడ్స్ దినానికి ఇంకా మూడు వారాలుంది. మాఘంలో చెరువుగట్టు జాతరలో ఆడటం గురించి అప్పుడు చూద్దాం. ఆదివారం హాస్యం కట్టే అబ్బాయిని వెంటబెట్టుకుని రా, ఇక్కడే కూర్చుని తిరగరాద్దాం. యముడి కిరీటానికీ గదకూ డ్రెస్సుల దుకాణంలో అడ్వాన్సు కట్టేశానని రాశావు కదా. అడిగి చూడు. తిరిగి ఇవ్వకపోతే ఆ డబ్బులు నేనిస్తాను.

ఉంటాను.