మొక్కల రకాలు పెరిగితే పొడి నేలల్లో కార్బన్ పెరుగుతుందా?

వానలు తక్కువ పడే చోట రకరకాల మొక్కలుంటే మట్టిలో కార్బన్ పెరుగుతుందా, లేక ఏదో ఒక మంచి చెట్టు వేస్తే సరిపోతుందా అని అడిగారు. పొదలూ గడ్డీ కలిసి పెరిగే పొడి నేలల్లో మట్టి నమూనాలు తీసి పరీక్షించడం కొన్నేళ్లు నా పని. అక్కడ చూసినదాన్ని బట్టి చెబుతున్నాను. రకాలు ఎన్ని అన్నదానికంటే అవి ఒకదానికొకటి ఎంత తేడాగా ఉన్నాయో చూడండి. పది రకాల గడ్డి ఉన్నా, అన్నిటి వేళ్లూ పైనున్న జానెడు మట్టిలోనే ఉంటే పెద్దగా ఒరిగేదేమీ లేదు.

గడ్డి కింద ఆగర్ (మట్టిని తొలిచి నమూనా తీసే పరికరం) దింపితే మొదట వచ్చే మట్టి సన్న వేళ్లతో అల్లుకుపోయి, చేత్తో విరిచినా ఊడి రాదు. ఇంకొంచెం కిందికి పోతే పొడిపొడిగా రాలిపోతుంది. అదే పొద పక్కన దింపితే, పైన వేళ్లు పలచగా ఉన్నా లోతులో పుల్లల్లాంటి వేళ్లు తగులుతూనే ఉంటాయి. అమెరికాలోని ఆరిజోనాలో ఒక గనిలో మెస్కిట్ అనే ముళ్ల చెట్టు వేరు 50 మీటర్లకు పైగా లోతున కనిపించింది. అదేదో రికార్డు అనుకోండి, మామూలు పొదలు అంత దూరం పోవు. కానీ లోతులో సూక్ష్మజీవులు తక్కువ కాబట్టి అక్కడికి చేరిన కార్బన్ ఎక్కువ కాలం నిలుస్తుంది. పైగా కొన్ని పొదలు రాత్రిపూట లోతు నుంచి నీళ్లు లాగి పై పొరలో వదులుతాయి, పక్కనున్న గడ్డికి అది కలిసొస్తుంది. పప్పుజాతి మొక్క కూడా ఒకటుంటే నత్రజని చేరుతుంది.

ఇక ఆకుల సంగతి. మందంగా, తోలులా ఉండే ఆకు కుళ్లడానికి టైమ్ పడుతుంది కాబట్టి అలాంటి మొక్కలే మంచివని చాలామంది అంటారు. తేమ ఉన్న అడవిలో అయితే సరే. పొడి నేలలో ఎండే ఆకును తినేస్తుంది. దక్షిణ అమెరికా దక్షిణ కొసనున్న పటగోనియాలో చేసిన ఒక ప్రయోగం 2006లో అచ్చయింది. సూక్ష్మజీవుల కంటే ఎండ వల్లే అక్కడ రాలిన ఆకు ఎక్కువగా కరిగిపోతోందని అందులో తేలింది. అలా పోయిన కార్బన్ మట్టిలోకి దిగకుండా నేరుగా గాల్లో కలుస్తుంది. అందుకే నేనైతే ఆకు మందం కంటే, రాలిన ఆకును గాలికి పోనివ్వకుండా నీడలో పట్టి ఉంచే గుబురు పొదకే ఓటేస్తాను.

రకాలకు అసలు విలువే లేదని కాదు. 2012లో మేస్త్రే అనే శాస్త్రవేత్త బృందం అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లో కలిపి 224 పొడి ప్రదేశాలు చూసింది. మొక్కల జాతులు ఎక్కువున్న చోట కార్బన్, నత్రజని, భాస్వరం లాంటివన్నీ కలిపి లెక్కేస్తే నేల పనితీరు మెరుగ్గా కనిపించింది. అయితే వాతావరణం, మట్టిలో ఇసుక పాళ్లు కూడా అక్కడ లెక్కలోకి వచ్చాయి. జాతుల సంఖ్య ఒక్కటే అంతా నడిపిస్తోందని అనుకోవద్దు.

కొలిచేటప్పుడు రెండు విషయాల్లో జాగ్రత్త. పొద కింద మట్టి నల్లగా, మెత్తగా ఉంటే, రెండడుగుల అవతల ఖాళీ జాగాలో గట్టిపడి పాలిపోయి ఉంటుంది. రెండూ కలిపి ఒకే సంచిలో వేస్తే వచ్చే అంకె దేనికీ పనికిరాదు. విడివిడిగా తీసి, పొదలు ఎంత మేర ఉన్నాయో కొలిచి, ఆ పాళ్లలో లెక్కేయాలి. రెండోది సున్నం. మట్టి మీద పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేయండి, బుసబుసా పొంగితే సున్నం ఉన్నట్టే. సున్నంలోనూ కార్బన్ ఉంటుంది కాబట్టి, దాన్ని తీసేయకుండా మొత్తం కార్బన్ కొలిస్తే రిపోర్టులో అంకె పెద్దగా వస్తుంది, కానీ అందులో చాలావరకు మీ మొక్కలు చేర్చిన సేంద్రియ కార్బన్ కాకపోవచ్చు. ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడే సేంద్రియ కార్బన్ వేరుగా కావాలని రాయించండి.

మొక్కలు నాటే ఆలోచన ఉంటే గుబురుగా పెరిగే గడ్డి ఒకటి, లోతుకు పోయే పొద ఒకటి, పప్పుజాతిది ఒకటి, అన్నీ అక్కడ సహజంగా పెరిగేవే ఎంచుకోండి. గుంత తవ్విన చోట తప్ప మిగతా నేల దున్నొద్దు. పైనున్న నల్లటి పెళుసు పొరలో నాచు, సూక్ష్మజీవులు ఉంటాయి. ఒకసారి చెదిరితే మళ్లీ కట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది.