బట్టమేక పక్షి, కలివికోడి దగ్గరి బంధువులేనా?

బట్టమేక పక్షి, కలివికోడి రెండూ నేల మీద నడిచి తిరిగేవే కాబట్టి అవి దగ్గరి బంధువులా అనీ, ఒకదానిని కాపాడే పద్ధతి రెండవదానికి పనికివస్తుందా అనీ అడిగారు. రోళ్లపాడు గడ్డిమైదానంలోనూ, కడప జిల్లా లంకమల చిట్టడవుల్లోనూ పక్షులను పరిశీలిస్తూ తిరిగిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను.

బంధుత్వం చాలా దూరపుది. కలివికోడి తీతువు పిట్టలున్న క్రమానికి (జీవుల వర్గీకరణలో ‘ఆర్డర్’ అనే పెద్ద సమూహానికి) చెందుతుంది. బట్టమేక పక్షులది పూర్తిగా వేరే క్రమం. పొడవాటి కాళ్లు నేలమీది బతుకు వల్ల వచ్చిన పోలికే తప్ప వంశం వల్ల వచ్చినది కాదు. బట్టమేక పక్షి సుమారు మీటరు ఎత్తుండి పగటిపూట మేస్తుంది. కలివికోడి 27 సెంటీమీటర్ల నిశాచరి.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో మాత్రం రెండూ అత్యంత ప్రమాదస్థితిలో ఉన్న జాతులే. అయితే ఆ ఒక్క మాట వెనుక ఉన్న కష్టాలు ఒకటి కావు. బట్టమేక పక్షి దేనివల్ల చనిపోతోందో మనకు తెలుసు. ఎదురుగా ఉన్నది సరిగా కనిపించని చూపు, వేగంగా మలుపు తిరగలేని బరువైన శరీరం కలిసి రాజస్థాన్‌లో దానిని విద్యుత్ తీగలకు బలి చేస్తున్నాయి. అందుకే తీగలను భూగర్భంలో వేయడం గురించి 2021లో సుప్రీంకోర్టు ఆదేశాలు ఇచ్చింది, 2024లో వాటిని సవరించింది. ఆడపక్షి సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది కనుక పోయినవాటి లోటు త్వరగా పూడదు. 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడులో కూడా, చుట్టుపక్కల మెట్ట పొలాల్లో సాగు తీరు మారాక, ఈ పక్షి నిలవలేదు. కంచె లోపలి గడ్డిని మాత్రమే కాపాడితే చాలదని అక్కడ తిరిగిన ఎవరికైనా అర్థమవుతుంది.

కలివికోడి విషయంలో అసలు అది ఎక్కడుందన్నదే మొదటి ప్రశ్న. 1900 తరువాత కనిపించక అంతరించిందనుకున్న ఈ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. 2010 తరువాత మరలా ఏళ్ల తరబడి జాడలేదు. రాత్రివేళ రికార్డు చేసిన కూతను వినిపించి, బదులు కోసం చెవులు రిక్కించి కూర్చోవడమే అక్కడ మా పనిగా ఉండేది. పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు ఉన్న చోటే ఇది ఎక్కువగా ఉండే అవకాశం ఉందని పరిశోధనలో తేలింది. కాబట్టి పొదలు నరికినా, పశువుల మేత పూర్తిగా ఆపేసి వాటిని దట్టంగా పెరగనిచ్చినా దీనికి నష్టమే.

అందువల్ల జైసల్మేర్ ప్రాంతంలో బట్టమేక పక్షులకు చేస్తున్నట్లు గుడ్లు సేకరించి, పొదిగించి, పిల్లలను పెంచే పద్ధతిని కలివికోడికి ఇప్పుడే సూచించడం తొందరపాటని నా అభిప్రాయం. పక్షుల ఉనికి రూఢి కావాలి. అంతవరకు ఆ పొదల సాంద్రతను కాపాడుకోవడానికే డబ్బు, శ్రమ వెచ్చించాలి.