‘మైక్రోసైటిక్ ఎనీమియా’ అని రిపోర్టు వచ్చింది.. బ్లడ్ క్యాన్సరా?

ప్రశ్న: నా వయసు 36. కొన్ని నెలలుగా మెట్లెక్కితే ఆయాసం, పొద్దస్తమానం నీరసం. సీబీపీ చేయిస్తే హిమోగ్లోబిన్ 8.6, ఎర్రకణాలు 41 లక్షలు, ఎంసీవీ 68, ఆర్‌డీడబ్ల్యూ 19, తెల్లకణాలు 7,200, ప్లేట్‌లెట్లు 4.9 లక్షలు వచ్చాయి. కింద ‘మైక్రోసైటిక్ హైపోక్రోమిక్ ఎనీమియా, అనైసోసైటోసిస్’ అని రాశారు. ప్లేట్‌లెట్లు పెరిగితే బ్లడ్ క్యాన్సర్ అని నెట్‌లో చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. నెలసరి ఎనిమిది రోజులు ఉంటుంది. - ఓ సోదరి, ఖమ్మం

జవాబు: మీరు పంపిన అంకెలు క్యాన్సర్ వైపు చూపించడం లేదమ్మా. తెల్లకణాలు 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలి, మీకు అలాగే ఉన్నాయి. ప్లేట్‌లెట్లు 4.5 లక్షలు కొంచెం దాటాయి. ఒంట్లో ఐరన్ తగ్గినప్పుడు అవి ఇలా పెరగడం మేం తరచూ చూసేదే. ఐరన్ సర్దుకుంటే అవే దిగుతాయి.

ఇక ఆ పెద్ద పెద్ద పేర్ల సంగతి. ఎంసీవీ అంటే ఎర్రకణం సగటు సైజు. 80 నుంచి 100 ఉండాల్సింది మీకు 68 ఉంది. కణాలు చిన్నవిగా ఉన్నాయి కాబట్టి మైక్రోసైటిక్ అన్నారు. హిమోగ్లోబిన్ తయారవ్వాలంటే ఐరన్ కావాలి. అది చాలకపోతే కణం చిన్నదిగానే కాదు, పాలిపోయి కూడా పుడుతుంది, దాన్నే హైపోక్రోమిక్ అంటారు. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. అందుకే ఐరన్ ఉన్న రోజుల్లో పుట్టిన పెద్ద కణాలు, ఈమధ్య పుట్టిన చిన్న కణాలు రక్తంలో కలిసి తిరుగుతుంటాయి. ఆ హెచ్చుతగ్గులే అనైసోసైటోసిస్. వాటిని అంకెలో చెప్పేది ఆర్‌డీడబ్ల్యూ, 15 లోపు ఉంటే మామూలు. నిజానికి మీ రిపోర్టులో భయపెట్టిన ఆ మూడు మాటలూ చెబుతున్నది ఒకే సమస్య.

ఫెర్రిటిన్ పరీక్ష చేయించండి. గాదెలో ధాన్యం ఎంత మిగిలిందో చూసుకోవడం లాంటిది అది. ఐరన్ నిల్వలు ముందు ఖాళీ అవుతాయి, హిమోగ్లోబిన్ ఆ తర్వాతే పడిపోతుంది. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం ఈ పరీక్ష వద్దు, లేని నిల్వ ఉన్నట్టు చూపిస్తుంది.

ఒక మాట అడుగుతాను, మొహమాటపడకండి. బియ్యం గింజలు నమలాలని, బలపాలు, ఐసుముక్కలు తినాలని అనిపిస్తోందా? ఐరన్ లోపంలో ఈ కోరిక పుడుతుంది. చాలామంది ఇంట్లో తిడతారని డాక్టర్‌కు కూడా చెప్పరు.

ఐరన్ ఎటు పోతోందో తేలకుండా టానిక్కులు తాగితే లాభం లేదు. మీ విషయంలో నా మొదటి అనుమానం నెలసరి మీదే. గడ్డలు పడుతున్నా, గంట రెండు గంటలకే ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా గైనకాలజిస్టును కలిసి స్కాన్ చేయించుకోండి. ఫైబ్రాయిడ్లు, అంటే గర్భాశయంలో పెరిగే క్యాన్సర్ కాని కణితులు ఉంటే తెలుస్తుంది. పైల్స్ ఉన్నా, కీళ్ల నొప్పులకు పెయిన్ కిల్లర్లు వాడుతున్నా, మలం తారులా నల్లగా వస్తున్నా దాచకుండా చెప్పండి.

ఐరన్ మాత్ర మీ డాక్టర్ చెప్పిన మోతాదులో పరగడుపున, నిమ్మరసంతో వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర.. వీటికీ దానికీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి. కడుపులో తిప్పితే తిన్నాకే వేసుకోండి, మానేయడం కన్నా అదే నయం. మాత్రలు మొదలుపెట్టాక మలం నల్లబడటం మామూలే. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందన్నది మన నమ్మకం. తినండి, కానీ మీ హిమోగ్లోబిన్ 8.6 నుంచి ఆడవాళ్లకు ఉండాల్సిన 12కి దాంతో చేరదు.

నెల తర్వాత మళ్లీ సీబీపీ చేయించండి. మాత్రలు సరిగా వాడితే ఈలోపు ఒకటి రెండు గ్రాములు పెరగాలి. 12 దాటాక కూడా మరో మూడు నెలలు వాడితేనే నిల్వలు నిండుతాయి. పెరగకపోతే, లేదా ఫెర్రిటిన్ మామూలుగానే ఉంటే తలసీమియా ట్రెయిట్, అంటే పుట్టుకతో తల్లిదండ్రుల నుంచి వచ్చే హిమోగ్లోబిన్ తయారీ లోపం ఉందేమో చూడాలి. అందులోనూ కణాలు చిన్నవిగానే ఉంటాయి, కాకపోతే వాటి సంఖ్య సాధారణంగా 50 లక్షలు దాటుతుంది. మీకు 41 లక్షలే కాబట్టి ఆ అవకాశం తక్కువ. కూర్చున్నా ఆయాసం, ఛాతీనొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం ఉంటే మాత్రం నెల దాకా ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.