కట్నం ఇచ్చేశాం అంటే ఆడపిల్ల వాటా తీరిపోదు

ప్రశ్న: భీమిలి దగ్గర మా ముత్తాతల నాటి మూడెకరాల భూమి ఉంది. నాకు 1984లో పెళ్లయింది. అమ్మ 1990లో, నాన్న 2003లో పోయారు. వీలునామా లేదు. 1998లోనే పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద పంపకాలు అయిపోయాయనీ, నాకు కట్నం, పసుపు కుంకుమ ఇచ్చేశారనీ అన్నయ్యలిద్దరూ అంటున్నారు. పెద్దన్నయ్య 2010లో 60 సెంట్లు అమ్మేశాడు కూడా. నాకు వాటా వస్తుందా?
- ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: మూడో వంతు, అంటే ఎకరం అడగండమ్మా. పెళ్లిలో ఎంత పెట్టినా పుట్టుకతో వచ్చిన వాటాకు అది చెల్లు కాదు.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టానికి 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన మన రాష్ట్ర సవరణ పెళ్లికాని కూతుళ్లకే వర్తించింది. ఏడాది ముందే పెళ్లి కావడంతో మీకది అందలేదు. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణకు పెళ్లితో పనిలేదు. కానీ ఆ రోజుకు తండ్రి బతికుండాలని 2015లో ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు అంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది. పాత లెక్కలో నాన్నగారికీ, అన్నయ్యలిద్దరికీ తలా మూడో వంతు పోగా, నాన్నగారి మూడో వంతులో మూడో వంతు, అంటే 33 సెంట్లే మీకు దక్కేవి. ఇప్పుడు 100 సెంట్లు. ఆ తీర్పు విలువ ఆ తేడాలోనే ఉంది.

ఇక తెల్లకాగితం. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన దస్తావేజుతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకాన్నే చట్టం కాపాడుతుంది. నోటిమాట పంపకానికి ప్రభుత్వ రికార్డుల బలం గట్టిగా ఉంటే, అరుదుగా ఒప్పుకోవచ్చని అదే తీర్పు ఒక సందు వదిలింది. మీ వాళ్లు పట్టుకునేది దాన్నే. అందుకే నోటీసు ఇచ్చే ముందే 1998 నుంచి అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1-బి (భూమి హక్కుల రికార్డు) నకళ్లు తహసీల్దారు ఆఫీసులో, ఈసీ (భూమి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోండి. అప్పటి నుంచీ అన్నదమ్ముల పేర్లు విడివిడిగా ఎక్కి, పాస్‌బుక్కులు వేరుగా ఉంటే పోరాటం కష్టమవుతుంది. నాన్నగారి పేరే కొనసాగి ఉంటే ఆ కాగితం నిలవడం కష్టం.

కోర్టులో వేసే విభజన దావాలో ఉమ్మడి ఆస్తి మొత్తం చూపాలి. పాత పెంకుటిల్లు ఒక్కటి వదిలేసినా పాక్షిక విభజన అని అభ్యంతరం లేస్తుంది. 60 సెంట్లు కొన్నవారినీ ప్రతివాదులుగా చేర్చండి. ఆ అమ్మకం 2004 డిసెంబరు 20 తర్వాతది కనుక మీ వాటాను తాకదు. మామూలుగా ఆ 60 సెంట్లను అమ్మినవారి 100లోనే సర్దుతారు. మిగతాది అమ్మకుండా ఇంజంక్షన్ పిటిషన్ దావాతోపాటే వేయాలి. ఆలస్యం చేస్తే ఇంకో దస్తావేజు పుడుతుంది.

"నీకు వాటా లేదు" అని తెగేసి చెప్పిన సంగతి మీకు తెలిసిన రోజు నుంచి 12 ఏళ్ల గడువు. ఆ తేదీ గురించి మీ లాయరుకు ఉన్నదున్నట్టు చెప్పండి, చాలా దావాలు అక్కడే దెబ్బతింటున్నాయి. ఖర్చుకు భయపడొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచిత న్యాయసాయం ఉంది. విశాఖ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: కూర్మన్నపాలెంలో మా నాన్న తన జీతంతో ఇల్లు కట్టి, 2019లో పోయారు. దీంట్లోనూ చెల్లికి వాటా ఉందా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వీలునామా రాసి ఉంటే దాని ప్రకారమే. రాయకపోతే మీ అమ్మగారికీ, మీకూ, చెల్లెలికీ సమానంగా తలా ఒక వాటా. ఇది స్వార్జితం, వినీతా శర్మ తీర్పుతో దీనికి సంబంధం లేదు. చెల్లెలు మనస్ఫూర్తిగా వదులుకుంటానంటే హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించండి. డబ్బిచ్చి తెల్లకాగితం మీద సంతకం తీసుకుంటే, రేపు అమ్మబోయేటప్పుడు కొనేవాళ్ల లాయరు మొదట అడిగేది రిజిస్టరు దస్తావేజు మీద ఆమె సంతకమే.