పెళ్ళంటా? పెళ్ళటా?

ప్రశ్న: మొన్న ఇంట్లో అందరం కూర్చుని 'అహ నా పెళ్ళంట' మళ్ళీ చూశాం. పదో తరగతి చదివే మా అబ్బాయి "అంట అనకూడదు, అట అనాలి, సినిమా పేరే తప్పు" అని ఒకటే వాదన. ఏది ఒప్పు? (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: అబ్బాయిని ఏమీ అనకండమ్మా, బళ్ళో అలాగే చెబుతారు. కానీ పేరు తప్పంటే నేను ఒప్పుకోను. 1987లో జంధ్యాల ఆ పేరు పెట్టుకున్నది 'మాయాబజార్' (1957)లో పింగళి నాగేంద్రరావు రాసిన పాటలోంచి. ఆ మరుసటేడు వచ్చిన 'వివాహ భోజనంబు' పేరూ అక్కడిదే. పింగళివారి 'అంట' ఎంత గడుసుదో చూడండి. శశిరేఖ వేషంలో ఉన్నవాడు ఘటోత్కచుడు, పెళ్ళి తనది కాదు, అందుకే ఎవరో చెబితే విన్నట్టు 'నా పెళ్ళియంట' అంటున్నాడు. జంధ్యాల సినిమాలోనూ పిసినారి లక్ష్మీపతిగా కోట శ్రీనివాసరావు కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తింటాడు కదా, అది కోడికూర కాదు, కోడికూరంట!

ఇక అసలు సంగతికొస్తాను. పోతన పద్యం అందరికీ నోటికొచ్చు, అచ్చులో ఎలా ఉంటుందో చూసినవాళ్ళే తక్కువ.

పలికెడిది భాగవత మఁట
పలికించెడివాఁడు రామభద్రుం డఁట నేఁ
బలికిన భవహర మగు నఁట
పలికెద వేఱొండు గాథఁ బలుకఁగ నేలా

మూడు 'అఁట'లూ అరసున్నతో (ఁ) ఉన్నాయి. ఈ మాట 'అను' ధాతువు బిడ్డ, ఆ ముక్కు పలుకు పూర్తిగా పోలేదని చెప్పే గుర్తే ఆ అరసున్న. పాత తెలుగులో నిండుసున్న, అరసున్న ఒకే మాటలో ఇటూ అటూ మారడం మామూలే. దానికీ పోతన్నే అడుగుదాం. గజేంద్రుడు 'కలఁడు కలం డనెడివాఁడు కలఁడో లేఁడో' అంటాడు. ఒకే పాదంలో 'కలఁడు' అరసున్నతో, పక్కనే 'కలండు' నిండుసున్నతో! అలాంటప్పుడు 'అఁట' పక్కన 'అంట' ఉంటే అది పామరం ఎలా అవుతుంది? అరసున్నని అచ్చులోంచి తీసిపారేశాం, 'అట' మిగిలింది. జనం నోట్లో సున్న అలాగే ఉండిపోయింది. లేదు, ఇప్పటి 'అంట' 'అంటారు' నుంచి కొత్తగా పుట్టింది అని వాదించవచ్చు, ఆ వాదనని నేను పూర్తిగా కొట్టిపారెయ్యను.

పద్యంలో ఇంకో సొగసు ఉంది. భాగవతమఁట, రామభద్రుండఁట, భవహరమగునఁట అని మూడు గొప్పలూ పెద్దల మాట మీదికి తోసేసి, చివర 'పలికెద' దగ్గర మాత్రం అఁట పెట్టలేదు. పెట్టకూడదు. ఆ పూచీ తనది.

వెటకారంలో వాడే అట ('అబ్బో, తెగ కష్టపడిపోతున్నాడట!') ఈ మాటే. 'చేతికి అంటకుండా'లోది వేరే మాట, దాన్ని ఇక్కడికి లాగొద్దు.

నాకు ఒళ్ళు మండేది అంట చూసి కాదు. టీవీ స్క్రోలింగుల్లో 'ఫలానా హీరో పెళ్ళి చేసుకోబోతున్నట్లుగా తెలుస్తోందని సమాచారం' అని సాగదీస్తారే, అది చూసి. ఎవరికి తెలుస్తోంది, ఎవరిచ్చారు సమాచారం? 'చేసుకుంటాడట' అంటే తీరిపోయేది కదా! ఇంకొందరు 'అని టాక్' అంటారు, దాని గురించి మాట్లాడితే నాకు బీపీ పెరుగుతుంది.

సంధి సంగతి ఒక్క మాట. వ్యాకరణం రాసిన చిన్నయసూరి లెక్కన 'పెళ్ళి' ఏమ్యాదుల్లో ('ఏమి', 'మఱి' లాంటి, చివరి ఇకారానికి సంధి జరగగల మాటల్లో) లేదు, కాబట్టి యడాగమం వచ్చి, అంటే మధ్యలో 'య' చేరి, 'పెళ్ళియట' కావాలి. పాటలో 'పెళ్ళియంట' వినిపించేది అందుకే. 'పెళ్ళంట' వాడుక సంధి, దానికీ నాకు అభ్యంతరం లేదు. మీ అబ్బాయి పరీక్షలో మటుకు 'అట' అనే రాయమనండి, పేపరు దిద్దేవారు పోతన అరసున్నలు చూసి ఉంటారన్న నమ్మకం నాకు లేదు. కథలో సంభాషణ రాస్తే 'అంట' రాసుకోవచ్చు, వ్యాసంలో రాయొచ్చా అంటే, ఇప్పటికి నేనైతే రాయను.